పొయ్యి రాజేసే మనిషి

చెప్పానంటాడు కీత్. చెప్పాడు, కాదనలేం. ఎవరికి చెప్పాడన్నదే అసలు సంగతి.

కీత్ ప్లంబరు. ఇంగ్లండులో డరమ్ వైపు పాత బొగ్గుగని ఊళ్ళో ఉండే మేనత్త విన్నీ ఇంటికి అతనే కొత్త ఏర్పాటు చేశాడు. అంతకుముందు ఆ ఇంటి వెచ్చదనమంతా ముందుగదిలోని బొగ్గుల పొయ్యిదే. పొయ్యి వెనక గోడలో ఇనప నీళ్ళపెట్టె. రాజేస్తే చాలు, వేడెక్కిన నీళ్ళు లావుపాటి గొట్టాల్లో వాటంతటవే మేడమీదికెక్కేవి, చల్లారి కిందికి దిగేవి. కరెంటుతో పనే లేదు. గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మామయ్య సిరిల్‌కి ఇక పొగ పడకూడదన్నారు డాక్టర్లు. అందుకని కీత్ వంటింట్లో గ్యాస్ బాయిలరు బిగించి, అన్ని గదులకూ కరెంటు పంపు నీళ్ళు తోసేలా మార్చాడు. పాత గొట్టాలు కోసి మూతలు బిగించాడు.

"ఆ ఇనప పెట్టె కూడా పీకెయ్యాలి మామయ్యా."

"పొయ్యి చుట్టూ ఉన్న పలకలు పగులుతాయా?"

"పగులుతాయి."

"అయితే వద్దురా నాయనా. అవి పగిలితే మీ అత్త నా బుర్ర పగలగొడుతుంది."

"సరే, వదిలేస్తా. కానీ ఇక పొయ్యి వెలిగించకూడదు. లోపల మిగిలిన నీళ్ళకి దారి లేదు. ఆవిరి నిండిందంటే బాంబులా పేలుతుంది."

"నేనెందుకు వెలిగిస్తాను!" అని నవ్వాడు సిరిల్.

విన్నీ వంటింట్లో టీ పెడుతోంది. గొట్టాల సంగతులు ఆడవాళ్ళకెందుకని కీత్ ఆమెను పిలవలేదు. ఆ పొయ్యంటే ఆమెకు ప్రాణం, వింటే గొడవ చేస్తుందని సిరిల్ కూడా తర్వాత నోరు మెదపలేదు. మహా తెలివైన మగవాళ్ళు ఇద్దరూ!

చలికాలం మొదట్లోనే తుఫాను కొట్టింది. స్తంభాలు కూలి కరెంటు పోయింది, పంపు ఆగింది. గ్యాస్ ఉండీ ఇల్లు మంచుగడ్డయింది. ముసలాళ్ళెలా ఉన్నారో చూద్దామని బయల్దేరిన కీత్‌కి, వీధి మలుపులోనే అత్త ఇంటి చిమ్నీలోంచి పొగ కనిపించింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

పెరట్లో విన్నీ బకెట్లోకి బొగ్గులు ఎత్తుతోంది.

"ఏరా, వచ్చావా? నీ పంపు చచ్చింది గానీ నా పొయ్యి చావలేదురోయ్! పద, చేతులు కాచుకుందువుగాని."

"మామయ్యేడీ?"

"జ్వరంతో ఒళ్ళు తెలీకుండా ఉన్నాడు. ఇప్పుడే పొయ్యి ముందు పడుకోబెట్టాను."

కీత్ పరుగెత్తాడు. గుమ్మం దాకా వెళ్ళాడో లేదో, ఇల్లంతా అదిరింది. తలుపు ఊడి అతని మీద పడింది. ముందుగది గోడ వీధిలో పడింది.

సిరిల్‌ని పాతిపెట్టి వచ్చాక చర్చి హాల్లో అందరూ టీ తాగుతున్నారు. విరిగిన చేతికి కట్టుతో కీత్ అత్త పక్కన కూర్చున్నాడు.

"మామయ్యకి గట్టిగానే చెప్పానత్తా, వెలిగించొద్దని."

విన్నీ అతని ముఖంలోకి చూసింది. "కాపరానికొచ్చిన మర్నాటి నుంచీ ఆ పొయ్యి నేనే రాజేశాన్రా. ఆయన ఒక్కనాడు అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గొట్టాల సంగతులు నీకెందుకని..."

"నా మొగుణ్ణి నా చేత్తోనే చంపించావు కదరా," అంది విన్నీ.