మోజో, గీనే, జుకు

ఇరవై రెండేళ్లుగా బిష్కెక్‌లో ఈ భాషాశాఖ వాళ్లకు టీ పోస్తున్నాను. వాళ్ల వాదనలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. ఉల్జాన్ సంగతి మాత్రం వేరు. నారిన్ కొండల్లో గొర్రెల కాపరి కూతురు. పోయిన ఏడాది సూయున్‌బేక్ అగాయ్, అంటే మా పెద్ద సారు, ఆమె పరిశోధనను తిప్పికొట్టాడు. ఈసారీ కాదంటే పట్టా లేదు, ఇక్కడ ఉద్యోగమూ లేదు.

ఆ రోజు శాఖ వాళ్లందరి ముందు బల్ల మీద ఎనిమిది గొర్రె చీలమండ ఎముకలు పెట్టింది, మా భాషలోని ఎనిమిది అచ్చులకు గుర్తుగా. చుట్టూ మూడు దారపు వలయాలు. పెదవులు గుండ్రమయ్యేవి ఒకదాంట్లో, నాలుక వెనక్కి జరిగేవి ఒకదాంట్లో, నోరు బాగా తెరుచుకునేవి ఇంకోదాంట్లో. ఏ అచ్చు ఏయే గుంపుల్లో ఉందో తెలిస్తే ఒకటి కాక చాలా ఉన్నప్పుడు మాట చివర లార్, లేర్, లోర్ లాంటివాటిలో ఏది వస్తుందో ముందే చెప్పొచ్చట.

"శబ్దాలేమన్నా గొర్రెలా, మందలు కట్టడానికి?" అన్నాడు అగాయ్. "జనం ఒక్కో మాటా విని బట్టీ పడతారు, అంతే!"

"అయితే ఎవరూ వినని, ఇంకా పుట్టని మాటలు అడగండి అగాయ్," అంది ఉల్జాన్. తల దించలేదు.

నేను టీ కాగే సమోవర్ దగ్గరికి వెళ్లిన కాసేపటికే మళ్లీ పిలిచారు. ఈలోగా అగాయ్ మూడు మాటలు కల్పించాడట, ఉల్జాన్ జవాబులు రాసి కాగితం మడిచి పెట్టిందట.

"తుర్సునై ఎజె, ఒక మోజో ఉంది. చాలా ఉంటే ఏమంటావు?" అక్కా అన్నట్టు ఎజె అని పిలిచి అడిగాడు అగాయ్.

"మోజో ఏంటి, తినేదా, తొడుక్కునేదా?"

"ఏదో ఒకటి! చెప్పు."

"మోజోలోర్."

"గీనే?"

"గీనేలేర్."

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. "జుకు?" ఇదీ పెదవులు గుండ్రమయ్యే మాటే కదా, మోజో లాగే జుకులోర్ అంటానని ఆశ కాబోలు.

"జుకులార్. టీ చల్లారిపోతోంది, వెళ్లనా?"

కాగితం విప్పారు. మూడూ అవే! గదంతా చప్పట్లు.

అగాయ్ ముఖం కందగడ్డ అయింది. "ఎక్కడో విని బట్టీ పట్టి ఉంటుంది!"

నాకు ఒళ్లు మండింది. "పుట్టని బిడ్డ పేరు ఎలా బట్టీ పడతానయ్యా? ఇప్పుడేగా కన్నావు!"

"నువ్వూరుకో ఎజె! ఇంకోటి పుట్టిస్తా. ఓమో! వంద ఓమోలోర్ పుట్టిస్తా, అప్పుడు చూద్దాం..."

లోర్ తగిలించింది తనేనని తెలిసి నాలుక కరుచుకున్నాడు.

"మీకెవరు బట్టీ పట్టించారు అగాయ్?" అంది ఉల్జాన్ మెల్లగా.

ముందు నవ్వింది ఆయనే. పొట్ట పట్టుకుని నవ్వి, కలం తీసి ఆమె పరిశోధన మీద సంతకం పెట్టాడు. నేను ఉల్జాన్‌ను వాటేసుకుని, గదంతా వినబడేలా భోరుమన్నాను.