మోళ్లకు కట్టిన అంట్లు

నకరికల్లు దగ్గరి మామిడితోటలో కోటేశ్వరి చెట్ల తలలు కొట్టించిన రోజు, ఆమె మామగారు వెంకట్రామయ్య అన్నం ముట్టలేదు. అవి ఆయన నీళ్లు మోసి పెంచిన చెట్లు.

“పచ్చని చెట్లను మోళ్లు చేశావు గదమ్మా!” అన్నాడు.

“కాపంతా చిటారుకొమ్మలకే పోయింది మామయ్యా. అయ్యీ ఇంతింత చిన్నకాయలు. వేరు గట్టిగుంది, చెట్టు చావదు. కింద నించి కొత్తకొమ్మల్ని రానిద్దాం,” అంది కోటేశ్వరి.

ఉద్యానశాఖ శిక్షణలో నేర్చుకున్నట్టే కోసిన చోటల్లా మందు పూసింది. పైకి ధైర్యంగా ఉన్నా లోపల గుబులుగానే ఉంది. దారినపోయేవాళ్లు ‘మోళ్లతోట’ అని నవ్వుతుంటే వినిపించుకోనట్టు పనిచేసుకుంది.

ఎండలు ముదరకముందే మోళ్ల నిండా ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. బలమైనవి ఉంచి మిగతావి తుంచేసింది.

వానలు పడ్డాక ఎడ్లపాడు నుంచి జీనత్ ఫోన్ చేసింది. కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

“కోటీ, రోడ్డు వెడల్పు చేస్తన్నారే. రేపు మా పెరట్లో పుల్లమామిడి కొట్టేస్తారంట. అమ్మ ఒకటే ఏడుపు.”

ఆ కాయతో జీనత్ వాళ్లమ్మ పెట్టే ఆవకాయ రుచి కోటేశ్వరికి తెలుసు. తెల్లారగానే బస్సెక్కింది. చెట్టు కొట్టే యంత్రం వచ్చేలోపే దాని కొమ్మల నుంచి పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. తోటలో కొత్తకొమ్మల్ని చీల్చి, చెక్కిన పుల్లను ఆ చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి అంటు కట్టసాగింది. కొమ్మ కదలకుండా పట్టుకోవడానికి మరో చెయ్యి కావలసివచ్చింది. పిలవకుండానే వెంకట్రామయ్య వచ్చి పట్టుకున్నాడు.

“ఇది పట్టుకుంటదంటావా?”

“చానావరకు పట్టుకుంటయి మామయ్యా.”

కొన్ని ఎండిపోయాయి. మిగిలినవి చిగిర్చాయి.

మూడో వేసవికి, నేల మీద నిలబడి కోసుకునేంత ఎత్తులో కాయలు వేలాడాయి. జీనత్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముసలామె ఒక కాయ కొరికి, పులుపుకు కళ్లు మూసుకుంది.

“మా చెట్టే! అచ్చం మా చెట్టే!” అంటూ కోటేశ్వరి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

“మా కోడలు కట్టిన అంట్లమ్మా ఇయ్యి,” అన్నాడు వెంకట్రామయ్య, గట్టు మీద పోయేవాళ్లకు కూడా వినబడేట్టు.

ఆ చలికాలం పక్కతోట అబ్రహాము ఇంటికొచ్చి, “మా చెట్లూ ముసలయిపోయినయి. ఎక్కడ కోయాలో నువ్వే చెప్పాల చెల్లే,” అన్నాడు. కోటేశ్వరి కొంగు దోపుకుని తోటలోకి ముందు నడిచింది. ఆమె వేలు చూపించిన చోటల్లా రంపం పడింది.