ఇద్దరికే టేబుల్

ఆదివారం మధ్యాహ్నం ఆ మాల్ పై అంతస్తు రెస్టారెంట్‌లో ముందుగా టేబుల్ చెప్పి ఉంచుకునే వీలు లేదు. గుమ్మం దగ్గరుండే అమ్మాయికి పేరూ, ఎంతమందో చెబితే అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఇస్తుంది. మన వంతు రాగానే అది ఎర్రగా వెలుగుతూ గుర్రుమని వణుకుతుంది. దాన్ని పట్టుకుని దూరంగా పోతే మాత్రం పలకదు. కాబట్టి ఎవరో ఒకరు అక్కడి బల్ల మీద కూర్చుని కాపలా కాయాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. పెళ్ళయి వచ్చిన మొదటి ఆదివారమే మా తోడికోడలు బిళ్ళ నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి పోలేదు.

మిగతావాళ్ళు బట్టల కొట్లు తిరుగుతారు. పిల్లలు కింది అంతస్తులో ట్రాంపొలిన్ మీద ఎగిరే ఆటకి పోతారు. బిళ్ళ వణకగానే నేను ఫోన్ చేస్తే అందరూ వచ్చి మెత్తటి సోఫా వైపు సర్దుకుంటారు. నాకు మిగిలేది నడవ వైపు కుర్చీ, ట్రే పట్టుకుని పోయే ప్రతివాడూ నా మోచేతిని రాసుకునే పోతాడు. ఒకసారి మా ఆయనతో అంటే, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, దానికింత రాద్ధాంతం ఎందుకన్నాడు. ఆ ఒకరు తనెందుకు కాకూడదో ఆయనకి తట్టనే లేదు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అన్నిటికంటే ఒళ్ళు మండేది మా తోడికోడలు నలుగురిలో చెప్పుకునే గొప్ప. అక్కడ తమకి ఆగే పనే ఉండదట, వెళ్ళేసరికి టేబుల్ సిద్ధంగా ఉంటుందట. అబద్ధమేమీ కాదు. ఆమె వెళ్ళేసరికి సిద్ధంగానే ఉంటుంది. దాని కోసం నా నడుము విరుగుతుందని మాత్రం చెప్పదు.

ఇన్నాళ్ళూ మింగాను. పోయిన ఆదివారం చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ బల్ల మీద నా కూతురు కూర్చుని ఉంది. రెండో తరగతి పిల్ల. కాళ్ళకి ఎగిరే ఆట కోసం వేసుకున్న రబ్బరు చుక్కల మేజోళ్ళు, ఒళ్ళో బిళ్ళ. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కన్నార్పకుండా దాన్నే చూస్తోంది. మా తోడికోడలి కొడుకులిద్దరూ అప్పటికే కిందికి పరిగెత్తారు. ఆవిడ నవ్వుతూ అంది: "దీనికి అచ్చం నీ పోలికే. కుదురుగా కూర్చుంటుంది. ఇక నీకు శ్రమ తప్పింది."

నా రక్తం సలసలా మరిగింది. నన్నంటే పడ్డాను, నా బిడ్డని కూడా ఆ బల్లకి కట్టేస్తుందా? ఇప్పుడు ఊరుకుంటే ఇది పెద్దయ్యాక ఎక్కడికి వెళ్ళినా చివరి కుర్చీయే వెతుక్కుంటుంది, అదే తన చోటనుకుంటుంది. అప్పుడే నోరు విప్పితే నాలుగు మాటలతో పోయేది. నాకు నాలుగు మాటలు చాలవు. ఎక్కడ తగిలితే ఆవిడకి బాగా నొప్పో అక్కడే తగలాలి. అందుకే నిమ్మకు నీరెత్తినట్టు నవ్వి ఊరుకున్నాను.

ఈ వారం అదను దానంతట అదే వచ్చింది. బావగారి ఆఫీసుకి కొత్తగా వచ్చిన పెద్దాఫీసరునీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచారు. మేం ముందే వెళ్ళాం. మా తోడికోడలు కొత్త హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, బిళ్ళ తీసుకుని నా కూతురి ఒళ్ళో పెట్టి, కదలొద్దని చెప్పి, అందరినీ వెంటబెట్టుకుని అతిథులకి ఎదురెళ్ళింది.

నేను పిల్ల దగ్గరే ఆగిపోయాను. వాళ్ళు కనుమరుగవగానే దాన్ని లేవమన్నాను. పెద్దమ్మ కదలొద్దందని అది బల్లని అంటిపెట్టుకుంది.

"నేను మీ అమ్మని. లే."

గుమ్మం దగ్గర బిళ్ళ తిరిగిచ్చేసి, మేం ఇద్దరమేనని చెప్పాను. ఇద్దరికైతే ఇప్పుడే ఖాళీ ఉందని ఆ అమ్మాయి గుమ్మాన్ని ఆనుకున్న గాజు గోడ పక్కన కూర్చోబెట్టింది. బయట ఆగినవాళ్ళందరికీ మేం కనబడతాం. సూప్, నూడుల్స్, వేయించిన చేప చెప్పాను. పెళ్ళయ్యాక ఆ రెస్టారెంట్‌లో నాకు నచ్చింది నేను చెప్పుకోవడం అదే మొదలు. చేప పొగలు కక్కుతుండగా ఫోన్ మోగింది. టేబుల్ వచ్చిందా అని మా తోడికోడలు అడిగింది. వచ్చింది, రండి అక్కా అన్నాను. నాదీ అబద్ధం కాదు.

వచ్చారు. అందరికంటే ముందు ఆవిడ, వరసని ఓరగా చూస్తూ, ఆఫీసరు భార్యకి ఏదో చెబుతూ గుమ్మం దాటబోయింది. ఆ అమ్మాయి అడ్డం వచ్చి పేరు అడిగింది, వెతికింది, లేదంది. అంతమందికైతే చాలాసేపు ఆగాలంటూ బల్ల చూపించింది. ఆఫీసరు భార్య, ఇక్కడ ఆగే పనే ఉండదన్నారు కదా అని మెల్లగా అడగడం నాకు వినబడింది. చేపముక్క అంత రుచిగా ఎప్పుడూ లేదు.

మా తోడికోడలు మమ్మల్ని చూసి గబగబా వచ్చింది. పెదాల మీద అతిథుల కోసం పెట్టుకున్న నవ్వు, పళ్ళ మధ్య కోపం.

"ఏమిటీ పని? వాళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

నేను గొంతు తగ్గించలేదు. "పరువు మీదైతే బిళ్ళ కూడా మీరే పట్టుకోవాలక్కా. ఇన్నేళ్ళూ నేను పట్టుకున్నాను. ఇప్పుడు నా కూతురి చేత పట్టిస్తున్నారు. వెళ్ళి అడగండి, ఇస్తారు."

గుమ్మం దగ్గర ఆఫీసరూ భార్యా మొహమొహాలు చూసుకున్నారు. బావగారు నేల చూశారు. నా కూతురు మాత్రం నూడుల్స్ నముల్తూ, తనకి తెలిసిన సంగతి శ్రద్ధగా చెప్పింది.

"ఒళ్ళో పెట్టుకో పెద్దమ్మా. బ్యాగులో వేస్తే వణికినప్పుడు తెలీదు."

ఆవిడ మొహం కందగడ్డ అయింది. వెళ్ళి బిళ్ళ తీసుకుని బల్ల మీద కూలబడింది. ఆఫీసరు భార్య ఎత్తు చెప్పులతో పక్కనే నిలబడి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. మా ఆయన లోపలికి వచ్చి, కుర్చీ కోసం అటూ ఇటూ చూశాడు. ఇద్దరి టేబుల్‌కి మూడో కుర్చీ ఉండదు. బయట అన్నావదినలకి తోడుగా ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

ప్లేట్లు తీయడానికి వచ్చినతన్ని నా కూతురు ఐస్‌క్రీమ్ అడిగింది, అన్నిటికంటే పెద్దది. తర్వాత గాజులోంచి పెద్దమ్మ వైపు చాలాసేపు చూసి, మళ్ళీ అతన్ని పిలిచింది.

"మెల్లగా తెండి అంకుల్. మాకేం తొందర లేదు."

ఆ మాట నేను నేర్పలేదు. అలా అనకూడదని చెప్పాలేమో, చెప్పలేదు. నాకూ ఒకటి తెమ్మన్నాను.