ఫ్యూచర్ వర్క్ సారు

తిరుపతిలో ఆ ఇంజినీరింగ్ కాలేజీకి పోయి ధనంజయ సారు ఎక్కడుంటాడని అడిగితే పిల్లలు కాసేపు బుర్ర గోక్కుంటారు. ఫ్యూచర్ వర్క్ సారు అన్నారంటే మాత్రం గేటు కాడి వాచ్‌మన్ కూడా మెకానికల్ బ్లాకు వైపు వేలు చూపిస్తాడు. ఆ పేరు ఊరికే రాలేదు. పరిశోధన చేసే పిల్లలు థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంటులో అందరి ముందూ ఒక ఆఖరి సెమినార్ చెప్పాలి. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌పర్టు గుచ్చి గుచ్చి ప్రశ్నలడుగుతారు. తన శిష్యుడు కాస్త తడబడితే చాలు, ముందు వరసలోంచి ధనంజయ లేచి, గొంతు సవరించుకుని, "మంచి ప్రశ్న సార్. అది ఫ్యూచర్ వర్క్ లో పెట్టుకున్నాము" అనేవాడు. అంటే, ముందు ముందు ఎవరో చేస్తారని. ఆ చేసే మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు, అది వేరే సంగతి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయన శిష్యుల్లో ఒక్కరి సెమినార్ కూడా వెనక్కి రాలేదు. అదంటే ఆయనకు మహా గర్వం. ఈ నెలాఖరుకి రిటైరవుతాడు. ఆఖరి శిష్యురాలు నిస్సీ ఒక్కతీ గట్టెక్కితే, మచ్చ లేకుండా ఇంటికి పోవచ్చునని ఆయన ఆశ.

నిస్సీ పులికాట్ ఒడ్డు పిల్ల. వాళ్లమ్మ అక్కమ్మ ఎండుచేపలమ్మి చదివించింది. ఇసకలో ఆరబోసిన చేపలకు కాకుల బెడద, కుక్కల బెడద ఉంటుంది గదా. అందుకని ఈ పిల్ల చేపలెండే పెట్టె ఒకటి చేసింది. లోపల నల్లరేకు, పైన అద్దం, గాలి దూరడానికి కింద ఒక సందు, పోవడానికి పైన ఒక గొట్టం. కాలేజీ మేడ మీద తిరుపతి ఎండకి అందులో చేపలు గలగలమని ఎండాయి. ఆ వాసనకి కింది క్లాసులవాళ్లు ముక్కులు మూసుకుని హెచ్.ఓ.డి. ఢిల్లీబాబు మీద పడ్డారు. "కొండ కింద కాలేజీలో ఈ నీసు కంపేందప్పా!" అని ఆయన తల పట్టుకుంటే ధనంజయే బతిమాలి సర్దిచెప్పాడు.

పోయిన చలికాలంలో అదే పెట్టెను ఊరికి తీసుకుపోయి పెట్టింది నిస్సీ. అక్కడ కథ అడ్డం తిరిగింది. ఆ సంగతి చెప్పే స్లైడును సెమినార్ ముందురోజు ధనంజయ చూశాడు.

"ఇది తీసేయ్ మా. ఎవురూ అడక్కుండానే మన తప్పు మనమే సూపించుకుంటామా? దోవన పొయ్యే కంపని కాలికి తగిలించుకునే పని గాకపోతే!"

"అది గాదు సార్..."

"యెనక్కొచ్చిందంటే ఇంకో ఏడాది ఆగాల. మీయమ్మ ఎన్నాళ్లు గంప మోస్తాది?"

నిస్సీ ఆ స్లైడు తీసి చివర ఎక్కడో దాచింది.

మర్నాడు ఎక్స్‌పర్టుగా చెన్నై నుంచి ప్రొఫెసర్ చంద్రకాంతమ్మ వచ్చింది. పుట్టింది కార్వేటినగరంలో. ఎన్ని దేశాలు తిరిగినా ఆమె మాట మాత్రం మారలేదు. బొకే ఇవ్వబోతే, "పూలు తర్వాత ఇయ్యండబ్బా, ముందు పిల్లని సెప్పనీండి" అని కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

నిస్సీ చెప్పింది. అబ్బ, ఎంత బాగా చెప్పిందో! చేరిన కొత్తలో మైకు చూస్తేనే వణికిన పిల్ల, ఇవ్వాళ వేడి ఎక్కడ పుడుతోందో, తేమ ఎట్లా బయటికి పోతోందో గోరుముద్దలు తినిపించినట్టు చెబుతుంటే వెనక బెంచీల వాళ్లు కూడా ఫోన్లు లోపల పెట్టారు. ధనంజయకి ఛాతీ ఉప్పొంగింది. గండం గడిచిందనుకుని కాళ్లు చాపుకున్నాడు.

అప్పుడు చంద్రకాంతమ్మ మైకు దగ్గరికి లాక్కుంది.

"బాగుండాది మా. అయితే నీ థీసిస్ పేర్లో 'పులికాట్ తీరానికి' అని ఉండాది. నువ్వు సూపించిందంతా తిరుపతి మేడ మీద. ఆడ గాలి వేరే, ఈడ గాలి వేరే. ఆడ పెట్టి సూసినారా?"

ధనంజయకి ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మనిషి తనంతట తానే లేచాడు.

"మంచి ప్రశ్న మేడమ్. అది ఫ్యూచర్..."

"సార్, మీరు కూర్చోండి సార్" అంది నిస్సీ.

మైకులో అన్నమాట అది. హాలంతా విన్నది. ఇన్నేళ్లలో ఆయన్ను కూర్చోమన్న శిష్యుడు లేడు. ఆయన సగం లేచినవాడు అట్లాగే ఉండిపోయి, ఆ తర్వాత కూర్చున్నాడు.

"ఫ్యూచర్ వర్క్ కాదు మేడమ్. అయిపోయిన వర్కే. మా ఊర్లో పెట్టి సూసినాను. చేప ఎండలేదు. కుళ్లిపోయింది."

దాచిన స్లైడు తెర మీదికి వచ్చింది. అద్దం లోపలివైపు చెమట పట్టినట్టు నీటిబొట్లు, వాటి కింద నల్లబడిన చేపలు.

"చలికాలం సరస్సు మీంచి వచ్చే గాలిలోనే తడి ఉంటాది మేడమ్. చేపలోంచి లేచిన ఆవిరి బయటికి పోకుండా అద్దానికి పట్టి, మళ్లీ చేప మీదే కారింది. అవి మా అమ్మ చేపలే. గుంత తీసి పూడ్సినాం. ఈ థీసిస్ సూసి రేపెవురన్నా మా ఊరోళ్లకి ఈ పెట్టెలు పంచితే అందరి చేపలకీ అదే గతి. ఫ్యాన్ పెట్టాలో, గొట్టం పెంచాలో నాకింకా తెలీదు. సూడాల."

ధనంజయకి మొదట ఒళ్లు మండింది. కొంప ముంచిందే ఈ పిల్ల! కానీ ఆ పిల్ల మొహం చూశాడు. ఏడాది చదువు పోతుందని తెలిసీ, ఇంతమంది ముందు నిలబడి తెలీదని చెబుతోంది. ఆ పిల్ల వయసులో తనకి ఇందులో వీసమెత్తు ధైర్యం ఉండిందా? ఇప్పటికైనా ఉందా? ఎంత గొప్ప పిల్లరా దేవుడా, అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

ఢిల్లీబాబు ఊరుకుంటేనా!

"మరి ఈ స్లైడు ముందే ఎందుకు పెట్టలేదు? దాచిపెట్టినట్టు కాదామ్మా?"

నిస్సీ తలొంచుకుంది. ధనంజయ కూర్చున్న వైపు చూపు కూడా తిప్పలేదు.

"టైము సాలదని నేనే తీసేసినాను సార్."

అంతే, ధనంజయకి కుర్చీలో ముళ్లు మొలిచినట్టయింది. ఇంత నిజం చెప్పిన నోటితో ఆ పిల్ల అబద్ధమాడింది. అదీ తన పరువు కోసం. లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"లేదప్పా ఢిల్లీబాబూ. తీయించింది నేను. ఆ పిల్ల 'అది గాదు సార్' అంటానే ఉన్నింది, నేను యినలే. పాసైపోతే సాలనుకున్నాను. తప్పు నాది."

చంద్రకాంతమ్మ కళ్లద్దాలు తీసి ఆయన వైపు కాసేపు చూసింది. తర్వాత కమిటీ వాళ్లు పక్క గదిలోకి పోయి తలుపేసుకున్నారు. తిరిగొచ్చి ఆమే చెప్పింది.

"యెనక్కి పంపిస్తా ఉండాం. పిల్ల మీద కోపంతో గాదు, పని మిగిలి ఉండాది గాబట్టి. ఆ ఒడ్డున పెట్టె పనిచేసేట్టు చేసి మళ్లీ సెమినార్ పెట్టండి. ఎవుర్ని పిలిచినా పిలవకపోయినా నన్ను పిలవండి. ఇట్లాంటి జవాబు ఇని శానా రోజులైంది."

బయట వరండాలో టీ, మసాలా వడలు పెట్టారు. ఢిల్లీబాబు వడ చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చాడు. పాపం, ఆయనది నిజమైన బాధే.

"ఏమప్పా, ఒక్కటన్నా యెనక్కి రాలేదని సెప్పుకునేటోడివి. ఆఖర్లో ఇట్లయిపాయనే."

"నా కాడ ఇన్నేళ్లూ అందురూ పాసైనారు ఢిల్లీబాబూ" అన్నాడు ధనంజయ. "రీసెర్చి చేసింది ఈ పిల్ల ఒక్కతే."

పక్కనే నిలబడిన నిస్సీ విన్నది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చున్నీతో మొహం తుడుచుకుంటూ, "సార్, ఏడాది పోగొట్టినాను. మీ పేరు కూడా పోగొట్టినాను" అంది.

"ఊరుకో మా. ఉండే పేరు ఫ్యూచర్ వర్క్ సారు. అది పోతే పోనీ" అని ఆమె చేతికి టీ గ్లాసందించాడు. "చలికాలం ఎంతో దూరం లేదు. పెట్టె మీ ఊరికి ఎప్పుడు తీసకపోతావో సెప్పు. రిటైరైనోడికి పనేముంటాది? నేనూ వస్తా. ఒక కొస నువ్వు పట్టుకో, ఇంకో కొస నేను పట్టుకుంటా."