మంగతాయారు విన్న వాదములు

రెండువేల పందొమ్మిదవ సంవత్సరము ఆగస్టు నెల పదునాలుగవ తేది బుధవారము నాటి సాయంకాలమున నరసాపురము బస్సు నిలయమున కెదుటి సందులోని వెంకటరత్నము హోటలులో ముగ్గురు పెద్దమనుష్యులు తినినది యొకవైపు మాడి యొకవైపు పచ్చిగా నున్న దిబ్బరొట్టె. వారము దినములు విడువక కురిసిన శ్రావణమేఘములు ఆనాటి మధ్యాహ్నమునకు గాని వెలియలేదు. వసిష్ఠ గోదావరి యెఱ్ఱని క్రొత్తనీటితో నొడ్డుల నొరసికొనుచు సముద్రమునకు పరుగిడుచుండెను. తడిసిన పెంకులమీదను తాటాకులమీదను అరుగులపై నారవేసిన గొడుగులమీదను మబ్బుల చీలికనుండి జారిన పసుపుపచ్చని యెండ యొక్కమాఱుగా పఱచుకొనగా ఊరంతయు నప్పుడే తలంటి పోసిన పసిబిడ్డవలె మిసమిసలాడుచుండెను. అట్టి వేళ మాడిన రొట్టె నెదుట బెట్టుకొనియు నా ముగ్గురిలో నొక్కరును నోరు మెదపలేదు. ఆ హోటలున నంతకు మించిన యాశ్చర్యము వేఱొకటి యుండదు.

ఏలయన నది నోరు మెదపుటకే పేరుపడిన చోటు. తక్కిన హోటళ్ళవారు రాజకీయములు మాట్లాడరాదని గోడలకు వ్రాయించుకొనగా వెంకటరత్నము మాత్రము ‘ఇచ్చట నన్నియు మాట్లాడవచ్చును, బల్ల గ్రుద్దరాదు’ అని పలక వ్రాయించి వ్రేలాడదీసెను. అందలి రెండవ మాట సాంబారు తొణికిన యనుభవమువలన బుట్టినది.

ప్రతిదినమును నాలుగున్నర మొదలు ఆఱు గంటలవఱకు నడిమి బల్ల చెంత వాదము సాగుచుండెను. ముప్పదియైదేండ్లు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి నొందిన లంక భీమశంకరముగారు అందు మొదటివారు. భార్య గతించిన పిదప తన యింట గడియారపు చప్పుడు దప్ప వేఱు శబ్దము లేకుండుటచే నాయన యీ బల్లను తనకు మిగిలిన మేలుగా నెంచుచుండెను. ముప్పదియాఱేండ్లు ఉత్తరములు బట్వాడా చేసిన కొల్లాబత్తుల దావీదురాజుగారు రెండవవారు. మూడవవాడు సెల్లుఫోనులు బాగుచేయు దుకాణపు మీరావలీ. వయసున వారికి కొడుకు వంటివాడు, లోకమునకు క్రొత్తగా వచ్చిన ప్రతి యంత్రమునకును తానే వకీలు. ముఖము చూపినంతనే తెఱచుకొను ఫోనును నమ్మవచ్చునా యనియు, వ్రేలిముద్ర పడనిదే బియ్యమియ్యని పెట్టె అరిగిన వ్రేళ్ళ ముసలివానికి ఏమి సమాధానము చెప్పుననియు, వానను ముందుగా నెఱుగునది యుపగ్రహమా చేపలవేటకాడా యనియు వారు వాదించుకొనిన తీరు చూచి క్రొత్తవారు కొట్లాట యని భ్రమపడుటయు, పిమ్మట నొకరి పళ్ళెములోని చట్నీ నొకరు పంచుకొనుట చూచి తెల్లబోవుటయు పరిపాటి.

ఈ వాదములకు వంటయింటిలో నొక శ్రోత కలదని వారికి తెలియదు. వెంకటరత్నము భార్య మంగతాయారు బొగ్గులపొయ్యి చెంత గూర్చుండి పళ్ళెము లందించు చిన్న కిటికీ గుండ నిరువదిరెండేండ్లుగా వినుచుండెను. అయిదవ తరగతితో బడి మానిన యా యిల్లాలికి వెన్నెల చంద్రుని సొంతము గాదనియు గుండెకు నాలుగు గదులు గలవనియు కారణము చెప్పక యెవ్వరిని నిర్బంధింపరాదనియు నేర్పినది ఆ కిటికీయే. గ్రహణమునాడు వీధివారందఱు కుండలు బోర్లించుకొని కూర్చుండగా నామె నిశ్చింతగా పొయ్యి రాజేసి “నీడేనమ్మా! నీడకి భయమేంటి?” అని పొరుగమ్మకు రొట్టెముక్క విఱిచి పెట్టెను.

రొట్టెలకు గడియారమును ఆ వాదమే. దిబ్బరొట్టె కాల్చుట తొందరపాటువారి పని గాదు. పిండి పోసిన మూకుడునకు క్రింద సన్నని సెగయు మూతమీద నిప్పులును నుంచి కాచుకొనవలెను గాని మాటిమాటికి మూత తీసి చూడరాదు. దావీదురాజుగారు మూడవమాఱు “కాదంటే కాదండీ” యనునప్పటికి అడుగు వేగును. భీమశంకరముగారు “సరే, అసలు విషయానికొద్దాం” అనగానే మూత తీయవచ్చును. ఈ కొలత యెన్నడును తప్పలేదు.

ఇట్లుండగా జూలై నెలలో నెవరిదో ఫోను పోయినదని హోటలులో పెద్ద రభస జరిగెను. తుదకది పోగొట్టుకొన్నవాని గొడుగు మడతలోనే దొరికెను గాని వెంకటరత్నము బెదరి మీరావలీచేత నడిమి బల్లకు పైగా నొక కెమేరా పెట్టించెను. అది చూచుటయే గాక వినును, పలుకును. ఆ సంగతిని వారిద్దఱు నొక వేడుకకై దాచియుంచిరి. ఆగస్టు మొదటి తేదిని వెంకటరత్నము కూరగాయల బజారున వంకాయ లేరుచు చేతి ఫోనున వాదము వినుచుండెను. దావీదురాజుగారు మురుగుకాలువల సంగతి నెత్తికొని పురపాలక సంఘపు అధికారి నొకనిని ఘాటుగా విమర్శించుచుండగా ఇంటికప్పునుండి “ఆయ్, అంతమాటనకండి దావీదుగారూ! ఆయన మన హోటలు బేరమేనండీ!” అని యశరీరవాణి వినవచ్చెను. దావీదురాజుగారి చేతి కాఫీ పంచెపై బడెను. మీరావలీ పగలబడి నవ్వెను. అతడొక్కడే నవ్వెను.

మఱునాడును ముగ్గురు వచ్చిరి, కూర్చుండిరి, తినిరి. వానలు మెండుగా నున్నవనిరి. మోకాలినొప్పి తగ్గలేదనిరి. దానికి మించి యొక్క మాట లేదు. మీరావలీ యొకటి రెండుమాఱులు వాదమును రాజేయబోయెను గాని దావీదురాజుగారు కన్నులతో పైకి చూపి గొంతు సవరించుకొని యూరకుండెను. లోపల మంగతాయారునకు తన్ను రెండవమాఱు బడి మాన్పించినట్లుండెను. ఆమె చెవి కిటికీ వైపును చూపు శూన్యమువైపును నుండగా రొట్టెలు మాడసాగెను. పదుమూడు దినము లీ విధముగా గడచెను.

ఆ బుధవారమునాడు మూడవ రొట్టెయు మాడిన వాసన రాగా వెంకటరత్నము వంటయింటిలోనికి బోయి “ఏంటి తాయారూ, బొగ్గులు మార్చమంటావా?” అనెను.

“బొగ్గులు కాదండీ, మాటలు మారాయి” అని యామె చేతి పట్టుకారుతోనే లేచి వచ్చి పెండ్లియైన పిదప తొలిసారిగా బేరపు వేళ నడిమి బల్ల చెంత నిలువబడెను. “ముందు ఆ పైనున్నదాని చెవులు మూయించండి. ఇరవై రెండేళ్ళుగా వీళ్ళ మాటలు వింటూ రొట్టెలు కాలుస్తున్నాను. ఇప్పుడు చూస్తే వానలూ మోకాళ్ళూ! మోకాలినొప్పి మీద రొట్టె ఎంతసేపు కాల్చాలో నాకేం తెలుస్తుందండీ?”

వెంకటరత్నము దిమ్మెరపోయి “ఊరుకోవే. వీళ్ళేం రహస్యాలు మాట్లాడతారు? చంద్రుడూ టీకాలూనూ! ఎవరు వింటే ఏం పోయింది?” అనెను.

అంతట దావీదురాజుగారి పదుమూడు దినముల మౌనము తెగెను. “రహస్యమని కాదయ్యా రత్నం! పోస్టుకార్డు మీద రాసింది రహస్యమా? ఎవడైనా చదవొచ్చు. అయినా ముప్పై ఆరేళ్ళు నేను చిరునామా వైపే చూశాను. రెండో వైపు తిప్పితే ఊళ్ళో ఎవడూ మనసువిప్పి కార్డు రాయడు. అంతే సంగతి!”

“అయితే అందరూ కవరు కొనుక్కోవాలి బాబాయిగారూ” అని మీరావలీ యందుకొనెను. “ఒరేయ్ వలీ, కాదంటే కాదురా!” అని యాయన బల్ల గ్రుద్దబోయి చేయి నాపుకొనెను. భీమశంకరముగారి ముఖము చాలదినములకు వికసించెను. చిరకాలపు టలవాటుచే నాయన నోట నొక ప్రశ్న వెలువడెను.

“బాగుందమ్మా తాయారూ. కానీ కెమేరా వింటే తప్పయినప్పుడు ఇరవై రెండేళ్ళు కిటికీ వింటే ఒప్పెలా అయింది?”

ఆ మాట నవ్వులకే యనబడినది. అయినను మంగతాయారు నవ్వలేదు. ఆమెకు లోకమున మిగిలిన బడి ఆ కిటికీ యొక్కటే. దానికి తగిన యుత్తరము దొరకనిచో తానే దానిని పోగొట్టుకొనవలసియుండును. ఆమె చేతి పట్టుకారును బల్లపై బెట్టి యిట్లనెను.

“తేడా లేకపోలేదండి. నేను విన్నదాంట్లో సగం మరిచిపోతాను, అది మరిచిపోదు. నా వల్ల తప్పొస్తే నన్ను నిలబెట్టి తిట్టొచ్చు, దాన్నేం తిడతారు? కానీ మేష్టారూ, ఒక్క విషయంలో ఇద్దరం ఒకటేనండి. మీకు తెలీకుండా విన్నాం. దాని చెవి మూయమన్నదాన్ని, నాది తెరిచి ఉంచుకుంటే న్యాయం కాదు.”

ఇట్లని లోనికిబోయి పొగచూరిన యా కిటికీ రెక్కను మూసెను. ఇరువదిరెండేండ్లుగా కదలని మడతబందు కీచుమనెను.

భీమశంకరముగారు చప్పున లేచి వంటయింటి వాకిటకు నడచి “నేనడిగింది కిటికీ మూయమని కాదు తల్లీ. ముప్పై అయిదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నా మాటకి నీలా జవాబు చెప్పినవాళ్ళు వేళ్ళమీద లెక్కకొస్తారు. ఇవతలికొచ్చి కూర్చో. ఎదురుగా కూర్చుని వింటే ఎవరికి అభ్యంతరం? ఒరేయ్ వలీ, కుర్చీ వెయ్యి!” అనెను.

“మరి నేనో?” అని వెంకటరత్నము చిన్నబోయిన గొంతుతో ననెను. “నేను మాత్రం ఎందుకు విన్నానండీ? గల్లా దగ్గర కూర్చుంటే వినపడదు, బజారుకెళ్తే మొత్తానికే పోతుంది. మీ మాటల్లో నన్నూ కలుపుకుంటారేమోనని కప్పులోంచి అరిచాను గానీ...”

“కలవాలంటే తలుపులోంచి రావాలయ్యా, కప్పులోంచి కాదు!” అని దావీదురాజుగారనగా నింతకాలము బిగబట్టిన నవ్వు హోటలంతటను భళ్ళున పగిలెను. రెండు కుర్చీలు వేయబడెను.

మీరావలీ ఫోను తీసి కెమేరా చెవి మూసితిననెను. మూసినట్లు నమ్ముట యెట్లని దావీదురాజుగారు నిలదీసెను. కొడుకువంటివానిని నమ్మరాదా యని యాతడును, యంత్రము నెవ్వడును కనలేదని యీయనయు పట్టుబట్టగా మంగతాయారు నడుమ బడి “పరీక్ష చేద్దామండి. ముందు చెవి తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. తెరిచి చూడకుండా మూసింది చూస్తే ఏం తెలుస్తుంది?” అనెను. భీమశంకరముగారు కన్నులు మూసికొని యానందించెను.

వెంకటరత్నమును ఫోనుతో వీధి చివరకు బంపిరి. చెవి తెఱచియుండగా నామె కెమేరా క్రింద నిలిచి “ఇవాళ్టి నుంచి మా ఆయనకి రొట్టెలోకి చెరకు పానకం బంద్!” అనెను. నిమిషములో నాతడు చెప్పులు చప్పుడగుచుండ పరుగున వచ్చి “పానకమేం పాపం చేసిందే?” అనెను. మరల బంపి చెవి మూసి “పానకమే కాదు, రొట్టె కూడా బంద్! కూర కూడా బంద్!” అని యామె బిగ్గరగా జాటగా నాతడు బస్సు నిలయము గోడ నానుకొని చేతి ఫోనులోని వారి బొమ్మలను జూచుచు నేమియు నెఱుగనివాడై చిఱునవ్వుతో నిలిచియుండెను. బస్సుకై వేచియున్నవారు సైతము సంగతి తెలిసికొని నవ్విరి. ఒక్కమాఱు చాలదు మఱల చేయవలెనని మేష్టారనగా వెంకటరత్నము నాలుగుమాఱులు వీధి కొలిచెను.

అటుపిమ్మట కెమేరా ముఖము గల్లాపెట్టె వైపునకు త్రిప్పబడెను. మంగతాయారు బొగ్గులపొయ్యిని వాకిటకు జరుపుకొని కుర్చీపై గూర్చుండి పదేండ్లుగా తన మనస్సున దాచుకొనిన ప్రశ్న నడిగెను. “బుట్టెడు బొగ్గులు వేస్తాను, గుప్పెడు బూడిద మిగులుతుంది. తక్కిన బరువు ఎక్కడికి పోతుందండీ?”

దావీదురాజుగారు పొగలో గలదనెను. మీరావలీ వేడిగా మాఱినదనెను. వెంకటరత్నము బొగ్గులవాడు తడిపి తూచుచున్నాడని పట్టుబట్టెను. భీమశంకరముగారు వెంటనే యుత్తరము చెప్పక మఱునాడు జెండా పండుగకు బోయి కళాశాలనుండి త్రాసును సీసాను తెచ్చి చూపుదుననెను. “అంతవరకు నన్ను ఆలోచించుకోనిస్తారా?” యని మంగతాయారడుగగా నాయన “అందుకేనమ్మా చెప్పనిది” అనెను. నాలుగవ రొట్టె యడుగున నెఱ్ఱగా వేగి నడుమ దూదివలె పొంగి దిగెను. ఆఱింటికి ముగియవలసిన వాదము ఎనిమిదింటికి గాని ముగియలేదు.

అందఱును గొడుగులు తీసికొని లేచిరి. వెంకటరత్నము పెరటిలో కాళ్ళు కడుగుకొనుచుండెను. తలుపు వేయబోయిన మంగతాయారునకు వీధి దీపము క్రింద నింకను నిలిచియున్న మేష్టారును దావీదురాజుగారును కనబడిరి. వారి గొంతులు తగ్గియుండెను. “మా సీతామహలక్ష్మి ఉన్నన్నాళ్ళూ దావీదూ, ఇంటికెళ్ళేసరికి...” అని గతించిన భార్యనుగూర్చిన మేష్టారి మాట యొకటి తడిగాలిలో వాకిటి వఱకు వచ్చెను.

ఆ మాట తనకు గాదు. ఆమె రెండవ మాట వచ్చులోపల గడియ చప్పుడు గాకుండ తలుపు మూసెను.