గోబర్ గ్యాస్ గుంతకు లంఖణం

నాకు నోరెక్కువ. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదేళ్ళుగా ఆ నోటితోనే మేస్త్రీగిరీ చేస్తున్నాను. క్యాంటీన్‌లో వంట చేసే గుల్జార్ బేగం పేడా, తోతాపురి తొక్కా కలిపి గుంతలో వేసి, వచ్చే గ్యాసుతో అరవై మందికి వండుతుంటే అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నేనే. "ఏమక్కా, ఈ పొద్దు పేడ పులుసా?" అనేవాణ్ణి. ఆమె నవ్వి ఇంకో ముద్ద వడ్డించేది.

తొక్క మాత్రం రోజుకు రెండు బకెట్లే వేసేది. బయట కుప్పలు కుళ్ళి ఈగలు ముసురుతుంటే నాకు ఒళ్ళు మండింది. రెండు బకెట్లకే ఇంత మంట వస్తే ట్రాక్టరు లోడు వేస్తే ఎంత రావాలి! ఆమె కూతురింటికి నగరి పోయిన ఆదివారం, ట్రాక్టరు నిండా తోయించాను.

మూడో నాటికి పొయ్యి వెలగలేదు. మేనేజరు వచ్చి, "పది దినాలు సూస్తా. వెలగకుంటే గుంత పూడ్పించి, వంట బయటోళ్ళకు ఇచ్చేస్తా" అన్నాడు. చేసింది నేను, పోయేది ఆమె పని.

వెళ్ళి ఆమె దగ్గర ఒప్పుకున్నాను. తిడుతుందనుకుంటే, ఆమె గుంతను కర్రతో కలిపి వాసన చూసింది.

"తిండెక్కువై కడుపు పులిసిండాది, అంతే. బిడ్డకు అజీర్తి చేస్తే ఏం చేస్తాం? లంఖణం పరమౌషధం అన్నారు గదా."

ఆ రోజు నుంచి గుంతకు తొక్క ముక్క కూడా పెట్టనివ్వలేదు. కాస్త సున్నపు తేట, ఫ్యాక్టరీ పక్కింటి శాంతయ్య ఆవుల పచ్చిపేడ, అవే మందు. ఫ్యాక్టరీలో కట్టెల పొగ కూడదు కాబట్టి, ఇంట్లో వండి, కళ్ళెర్రబడి, గిన్నెలు ఆటోలో తెచ్చేది. నా పేరు ఎవరికీ చెప్పలేదు. అబ్బబ్బా, ఆ మౌనం కంటే నాలుగు తిట్లు నయం!

పదో రోజు మేనేజరు వచ్చి నిలబడ్డాడు. ఆమె అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"నువ్వే ముట్టించు ధనంజయా."

మొదటి పుల్ల ఊరికే ఆరిపోయింది. రెండోదానికి పొయ్యి బుస్సుమని అంటుకుంది, నీలంగా. మేనేజరు సరేనని తలూపి వెళ్ళిపోయాడు. నేను అందరి ముందూ ఏడ్చేశాను.

ఆమె రెండు బకెట్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏడ్సింది సాలు. ఇంకమీద తొక్క నువ్వే యెయ్యాల."

"నేనా? చెడగొట్టినోణ్ణి గదక్కా!"

"అందుకే. యెంత యెయ్యకూడదో ఈడ నీకు తెలిసినంతగా ఇంకెవురికి తెలుసు?"