హాల్వర్ హెర్నియా

తుర్లైఫ్ వంగి లారీ చక్రం కింద ఇనుప ఆపుదిమ్మ తోస్తున్నాడు. హాల్వర్ పసుపు కోటులో నిలబడి కార్లకు చేయి ఊపుతున్నాడు. ఇంకా ముందుకు, ఇంకా, చాలు. పన్నెండేళ్లుగా అతని పని ఇదే. సముద్రపు పాయకు ఒక ఒడ్డున ఫెర్రీలోకి కార్లను ఎక్కించాలి, ఇరవై నిమిషాలకు రెండో ఒడ్డున దించాలి. మనిషి పొడుగు, మాట పొట్టి.

"నువ్వు దిమ్మ ముట్టుకోకురా. నీ హెర్నియా జారి సముద్రంలో పడుద్ది," అన్నాడు తుర్లైఫ్.

ఆయనకు అరవై ఏడేళ్లు. ఇవాళ్టితో ఉద్యోగం ముగుస్తుంది. ఐదేళ్లుగా బరువులన్నీ తనే మోస్తూ రోజూ ఈ వేళాకోళమే ఆడుతున్నాడు.

నిజానికి హాల్వర్‌కు హెర్నియా ఏనాడూ లేదు. ముప్పై నాలుగో ఏట స్నానం చేస్తుంటే ఎడమ వృషణంలో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. క్యాన్సర్ అన్నారు, తీసేశారు. కోత గజ్జల్లో పడింది కాబట్టి ఫెర్రీలో హెర్నియా అని చెప్పేశాడు. ఆ తీరంలో మగవాళ్లు వాతావరణం గురించి గంటసేపు మాట్లాడతారు, ఒంటి గురించి మాత్రం నోరు విప్పరు.

"మన నార్వేలో ఏటా ఓ మూడు వందల మందికి వస్తుంది. మామూలుగా ఇది అరుదే, మన దగ్గరే కాస్త ఎక్కువ. కానీ నూటికి తొంభై ఏడు మంది బతుకుతారు," అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. హాల్వర్ చెవికి తొంభై ఏడు ఎక్కలేదు, మిగిలిన ముగ్గురే ఎక్కారు. ఐదేళ్లు ఆ ముగ్గురితోనే పడుకున్నాడు, లేచాడు. ఆఖరి పరీక్ష పోయిన వారం అయింది. ఫలితం ఇవాళ ఫోన్లో చెబుతామన్నారు.

మధ్యాహ్నం ఫెర్రీ ఒడ్డుకు ఆనుతుండగా జేబులో ఫోన్ మోగింది. కార్ల ఇంజన్లు అప్పటికే స్టార్టయ్యాయి. హాల్వర్ కదలలేక నిలబడిపోయాడు.

తుర్లైఫ్ వచ్చి అతని భుజం పక్కకు నెట్టాడు. "నేను దించుతాలే. పో, మాట్లాడు."

హాల్వర్ మెట్ల వెనక నిలబడి విన్నాడు. ఎక్కడా ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అలవాటు కొద్దీ అడిగాడు.

"ఇక రావక్కర్లేదు, హాల్వర్."

భార్య ఇంగున్‌కు ఫోన్ చేశాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "సరే. వచ్చేటప్పుడు పాలు పట్రా," అంది.

హాల్వర్ తిరిగి కార్ల దగ్గరికి వచ్చాడు. ఐదేళ్ల తర్వాత గాలి కడుపుదాకా దిగినట్టయింది. ఎదురుగా కొత్తగా ఎక్కిన లారీ ఆగి ఉంది. దిమ్మను రెండు చేతులా ఎత్తి తనే చక్రం కింద పెట్టాడు.

తుర్లైఫ్ చూస్తూ నిలబడ్డాడు. "తగ్గిందేంట్రా హెర్నియా?"

"తగ్గింది."

"మంచిది. నాకూ పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో అదే హెర్నియా. కుడివైపు."

హాల్వర్ గిరుక్కున అతని వైపు తిరిగాడు.

"హెర్నియాకి ఎవడ్రా ఐదేళ్లు పట్నం ఆసుపత్రికి తిరిగేది?" అన్నాడు తుర్లైఫ్. "నా టైముకి ఆ గడ్డకి ప్లాటినం మందు కొత్తగా వచ్చింది. మా అన్నకి అది అందలేదు. ఇరవై ఆరేళ్లకే పోయాడు. నాకు అందింది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

"తెలిసి కూడా నా దిమ్మలు మోశావా, ముసలోడా?"

"ఎవడో ఒకడు మోయాలిగా. నీకేమో హెర్నియా ఆయె." తుర్లైఫ్ దిమ్మను కాలితో సర్దాడు. "ఇద్దరికీ మిగిలినవి కలిపితే ఒక మనిషికి సరిపోతాయిలే."

హాల్వర్ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. తుర్లైఫ్ చూడనట్టు అటు తిరిగాడు.

నాలుగింటికి తుర్లైఫ్ దిగిపోయాడు. దండలూ లేవు, ఉపన్యాసాలూ లేవు. ఒడ్డున బస్సు ఎక్కబోతూ ఒకసారి చేయెత్తాడు, అంతే. హాల్వర్ సిబ్బంది గదిలోకి వచ్చాడు. బల్ల మీద తుర్లైఫ్ కాఫీ కప్పు ఉంది, ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ సబ్బు ఎరగక లోపలంతా నల్లబారి, ఇంకా గోరువెచ్చగా.